టెస్ట్ డ్రైవ్ బండి, బగారా తిన్న దుడ్డె

ఆ దినాలల్ల బండ్ల గురించి నాకు తెల్వని ముచ్చట లేదు (ఒక్క బండే లేదు). పాశమైలారంల మందుల కంపెనీల కొత్తగ కొలువుల చేరిన. షిఫ్టు అయిపోంగనే కంపెనీ బస్సుల కిటికీ పక్క సీటు పట్టి, ఫోన్ల కార్ల వీడియోలు సూసుడే నా పని. ఏ బండికి ఎంత బరువు గుంజే తాకత్ ఉంది, ఏది గుంతల్ల కింద తాకుతది, ఏ బండిల వెనక కూసున్నోని మోకాళ్లు గదుమకొస్తయి, అన్నీ నోటికి వచ్చు. ఆ వయసుల ఒక సంగతి నోటికొస్తే అది చేతికి గూడ వచ్చినట్టే అనిపిస్తది. క్యాంటీన్ల సీనియర్లు గూడ "ఏ బండి మంచిగుంటది తమ్మీ?" అని నన్నే అడుగుతుండె. నేను సాంబారు గిన్నె పక్కకు జరిపి, పెద్ద డాక్టర్ చీటీ రాసిచ్చినట్టు జవాబు చెప్తుంటి. గసొంటి నాకు మా ఇంట్లనే బండి ఎంపిక చేసే యోగం తగిలింది.

మాది సంగారెడ్డి దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. కూరగాయల సాగు, పాడి బర్రెలు. సరుకు మోసేటందుకు ఒక పాత ట్రాలీ ఆటో ఉండె. ఆ ఎండకాలం అది వాకిట్ల కూలబడితే, మెకానిక్ వచ్చి ఇంజను మీద చెయ్యేసి, "ఇగ దీన్ని సతాయించకుండ్రి" అని పోయిండు. ఆ రోజు అన్నాలకాడ నాయిన, "టమాట డబ్బాలు పట్టే బండి ఒకటి సూడాలె" అన్నడు. మా అమ్మ నాయిన మాటకు ఎన్నడు ఎదురు చెప్పంగ నేను ఇనలే. ఆ రోజు మాత్రం అన్నం గంటె గిన్నెల ఏసి, "నేను ఈ ఇంటికి వచ్చిన కాడినుంచి బొంతపల్లి ఈరభద్రుని కాడికి వంకాయ సంచుల మీద కూసోనే పోతున్న. ఈసారి కొంటే సీట్లున్న బండి కొనుండ్రి. లేకుంటే నేను రాను" అన్నది. నాయిన చేతిల ముద్ద చేతిలనే ఉండిపోయింది. నేను పరేషాన్. గోడకు ఒరిగి కూసున్న మా నాయనమ్మ ఒక్కతే పరేషాన్ కాలే. "నాకు కాళ్లు సాపెతందుకు జాగ ఉండాలె. పక్కనోళ్లు నా మీద ఒరగొద్దు. గంతే" అని తన అర్జీ గూడ అండ్లనే పెట్టింది.

ఇగ నేను గొంతు సవరించుకున్న. మూడు వరుసల సీట్లుండే పెద్ద బండి తీస్కుంటే, మనుషులున్ననాడు మనుషులు పడతరు, సరుకున్ననాడు వెనక సీట్లు మడుస్తే సరుకు పడతదని ఇడమరిచి చెప్పిన. నాయిన అంత ఇని, "రెండూ ఒక్కనాడే వస్తే?" అని అడిగిండు. "గట్ల ఎందుకొస్తది నాయినా!" అని నేను నవ్విన. ఏమీ తెల్వని మనిషిని సూసి నవ్వినట్టు నవ్విన.

పటాన్‌చెరుల షోరూముకు నలుగురం పోయినం. అక్కడ మాకు బండి సూపెట్టిన పిలగాడు టై కట్టుకొని, నున్నగ దువ్వుకొని ఉన్నడు. వాళ్ల నాయిన గోదావరి జిల్లా నుంచి ఇక్కడి ఫ్యాక్టరీ కొలువుకు వచ్చిండట, పిలగాడు ఇక్కడనే పుట్టి పెరిగిండట. అయినా మాటకొక్క 'అండి' పెడతడు. ఇంటికొచ్చినంక మా నాయనమ్మ అతనికి 'అండిబాబు' అని పేరు పెట్టింది. నేను అతన్ని పక్కకు తీస్కపోయి, వీడియోలల్ల నేర్చిన ప్రశ్నలన్నీ కుమ్మరిస్తున్న. ఇంతల అద్దాల తలుపు తీసుకొని మా నాయిన లోపలికి వచ్చిండు. భుజం మీద టమాటలు నింపే ప్లాస్టిక్ డబ్బా! మట్టి గూడ దులపలేదు. తెల్లటి బండల మీద అడుగడుగునా ఎర్రమట్టి రాలుతుంటే, మెరిసే బండి ఎనకకు పోయి ఆ డబ్బాను అటు పెట్టి ఇటు పెట్టి కొలుసుడు షురూ చేసిండు. షోరూముల ఉన్నోళ్లందరు తిరిగి సూసిన్రు. నేను ఆ మనిషి ఎవరో నాకు తెల్వనట్టు ఒక పోస్టర్ చదువుకుంట నిలబడ్డ.

గంతలనే బండి లోపలినుంచి 'ధబ్' మని సప్పుడు, వెంబడే మా అమ్మ కేక. ఉరికిపోయి సూస్తే నాయనమ్మ కనబడుతలే. రెండు పాదాలు మాత్రం పైకి కనబడుతున్నయి. ఆమె ఎనక సీటుల ఎక్కి, పక్కన ఏలాడే పట్టీని పట్టుకునేటందుకు ఇచ్చిన తాడు అనుకొని గట్టిగ గుంజిందట. సీటు మొత్తం ఎనకకు వాలింది. అండిబాబు మొకం సున్నం కొట్టినట్టయింది. "అమ్మమ్మగారూ! దెబ్బ తగిలిందాండి?" అని లోపలికి దూరిండు. నాయనమ్మ పైకప్పు దిక్కు సూసుకుంట, "లే బిడ్డా. మంచిగనే ఉంది. జెరసేపు ఉండనియ్యి" అన్నది.

ఇంత జరిగినా అతను ఓపిక ఇడువలే. "ఒక రోజు బండి మీ ఊరికే తీసుకొస్తానండి, మీ దారుల్లో మీరే నడిపి చూసుకోండి" అన్నడు. నాకు వారపు సెలవు ఉన్ననాడు పొద్దుగాల్నే మా వాకిట్ల బండి ఆగింది. అద్దంల మొకం సూసుకునేటంత తళతళ. కింద కాళ్లు పెట్టేకాడ తెల్ల కాయితాలు పరిసి ఉన్నయి. "ఏమనుకోకండి, చెప్పులు కాస్త దులుపుకుని ఎక్కండి, షోరూం బండి కదండి" అన్నడు అండిబాబు. మా నాయనమ్మ అందరికన్న ముందుగాల్నే ఎక్కి, మూడో వరుసల తన జాగ పట్టేసింది. నేను ఇస్త్రీ అంగీ ఏసుకొని తాళం చెవి అందుకుంటున్న. గప్పుడే కొట్టం దిక్కునుంచి పక్కింటి అత్త మొత్తుకుంది. "ఓ వదినే! దుడ్డె పడిపోయింది! జల్దీ రాండ్రి!"

దుడ్డె అంటే మా పెద్దబర్రె పిల్ల. ముందటి రోజు పక్క గల్లీల దావత్ అయింది. మిగిలిన బగారా అన్నం గోడ పక్క పారబోసిన్రు. ఇది తలుగు తెంపుకొని పోయి కడుపునిండ మేసింది. మేం పోయేసరికి ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. ఎడమ దిక్కు కడుపు డోలు లెక్క ఉబ్బింది. నాలుక బయటికొచ్చింది. శ్వాస తీస్తుంటే గురగుర సప్పుడు. దాని కండ్లల్ల తెల్లగుడ్డే కనబడుతుంది. నాయిన పశువుల డాక్టరుకు ఫోన్ చేసిండు. "నేను ఇక్కడ ఇంకో బర్రె కానుపుల ఉన్న, ఇడిసి రాలేను. ఆలస్యం చేస్తే అది దక్కదు. ఎట్లనన్న చేసి సంగారెడ్డి దవాఖానకు తీస్కరాండ్రి" అన్నడు డాక్టర్.

నాయిన వాకిట్లకు వచ్చి ట్రాలీ ఆటో దిక్కు సూసిండు. దాని ముందటి చక్రం గూడ ఊడదీసి ఉంది. తర్వాత మెల్లగ తల తిప్పి, తళతళలాడే కొత్త బండి దిక్కు సూసిండు. నాయిన ఏం అనుకుంటున్నడో నాకు మెల్లగ అర్థమైతుంది. అండిబాబుకు నాకన్న ముందే అర్థమైంది. రెండు చేతులు అడ్డం పెట్టి, "వద్దండి! కంపెనీ బండండి! నా ఉద్యోగం పోతుందండి!" అన్నడు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "అది సచ్చిపోతది బాబూ" అన్నది.

ఆ పిలగాడు కొట్టంలకు పోయి దుడ్డెను సూసిండు. ఎనకకు వచ్చి టై ఊడదీసి జేబుల కుక్కుకున్నడు. "వెనక ఒక సీటు మడవండి" అన్నడు నాతోని. నేను వంగిన. అటు నొక్కిన, ఇటు గుంజిన, కింద తడిమిన. ఇన్ని నెలలు సూసిన వీడియోలల్ల సీట్లు వాటంతట అవే మడుసుకుంటుండె. ఇది కదలదు! చెమటలు వట్టినయి. "జరగండి" అని అతనే వచ్చి గుంజిండు. టక్కున మడుసుకుంది. "అమ్మమ్మగారూ, మీరు దిగాలండి" అంటే నాయనమ్మ దిగలే. "నా చేతి కుడితి తాగి పెరిగిన దుడ్డె అది. నా పక్కకే ఎక్కియ్యి" అన్నది.

సరుకు మీద కప్పే తాటిపత్రి పరిసి, నలుగురం మోసి, దుడ్డెను మడిసిన సీటు జాగల పండవెట్టినం. దాని తల నాయనమ్మ ఒళ్లె. నడిమి వరుసల అమ్మ, నాయిన ఎనకకు తిరిగి, దాని కాళ్లు పట్టుకొని కూసున్నరు. నేను స్టీరింగ్ కాడ. అండిబాబు నా పక్కన, రెండు చేతులతోని తలకాయ పట్టుకొని. ఇంటిల్లిపాది మనుషులు, సరుకు, రెండూ ఒక్కనాడే వచ్చినయి. ఆ సంగతి నాకు ఆ టైముల తట్టలే. సీటు బెల్టు పెట్టుకోలేదని బండి కూత వెడుతుంది, ఎనక దుడ్డె మూలుగుతుంది, ఎదురుంగ ట్యాంకర్లు, లారీలు. నాయిన "మెల్లగ నడుపురా!" అంటడు, మళ్ల అదే ఊపిరిల "జల్దీ పో!" అంటడు. "లోపల ఉడుకవోస్తుంది" అన్నది అమ్మ. అండిబాబు తలకాయ లేపకుంటనే, అలవాటు కొద్ది, "మూడో వరుసకి కూడా ఏసీ వస్తుందండి, పైన ఉంటుంది చూడండి" అన్నడు. "దుడ్డె దిక్కు తిప్పు" అన్నది నాయనమ్మ. నవ్వాల్నా ఏడ్వాల్నా తెల్వక నేను హారన్ కొట్టిన.

దవాఖాన కాడ డాక్టర్ మోచేతుల దాక తడిసిన చేతులతోని బయటికి వచ్చిండు. మేము దుడ్డెను దించబోతే, "దించకుండ్రి, టైం లేదు" అని ఎనక డోరు పైకి లేపించిండు. నడుమెత్తుల దుడ్డె, పైన డోరు నీడ. నోట్లకెళ్లి ఒక గొట్టం మెల్లగ లోపలికి పంపిండు. ఒక్కసారి 'బుస్స్' మని గాలి వచ్చింది సూడు! పులిసిన బగారా వాసన, లవంగాలు, దాల్చినచెక్కతో సహా, బండంత నిండి, డోర్ల నుంచి బయటపడితే, అవతల మ్యాకను పట్టుకొని నిలబడ్డ ముసలాయన గూడ ముక్కు మూసుకున్నడు. గొట్టంలకెళ్లి నురుగు ఎగజిమ్మి అండిబాబు తెల్లంగి మీద పడ్డది. అతను కదలలే. దుడ్డె ముందర కాలు గట్టిగ పట్టుకొనే ఉన్నడు. కడుపు జెర జెర దిగింది. డాక్టర్ ఏదో మందు తాపిచ్చి చేతులు కడుక్కుంట, "మంచి బండి తీస్కున్నరు పటేలా. ఆపరేషన్ బల్ల లెక్క సరీగ ఉంది" అన్నడు. "ఇంకా తీసుకోలేదండి!" అని అండిబాబు అరిసిండు. అది మాట లెక్క లేదు, ఏడుపు లెక్క ఉంది.

గప్పుడే మందు పనిచేసింది. దుడ్డె తోక లేపింది. కొత్త బండి, మెత్తటి కార్పెట్, తాటిపత్రి ఉన్నకాడ ఉంది, లేనికాడ లేదు. ఇగ నేను ఇడమరిచి చెప్పను. "అయ్యింది! తల్లీ, అయ్యింది! ఇగ బతికింది!" అని నాయనమ్మ చప్పట్లు కొట్టింది. అమ్మ దండం పెట్టింది. నాయిన కండ్లు తుడుసుకున్నడు. అండిబాబు పోయి దవాఖాన మెట్ల మీద కూలబడ్డడు. నేను పోయి పక్కన కూసున్న. జెరసేపటికి అతని భుజాలు ఊగుతుంటే ఏడుస్తున్నడనుకొని చెయ్యి ఏసిన. సూస్తే నవ్వుతున్నడు. "మా ట్రైనింగులో ఇది చెప్పలేదండి" అన్నడు.

దుడ్డెను ఇంటికాడ దింపి, సర్వీసింగ్ సెంటర్ల బండిని షాంపూతోని రెండుమార్లు కడిగిపిచ్చి, అతనితోని మేము గూడ షోరూముకు పోయినం. ఒక్కన్నే పంపుడు నాయినకు ఇష్టం లేకుండె. మేనేజర్ డోరు తెరిసి, తల లోపలికి పెట్టి, అట్లనే ఆగిండు. "ఎవరన్నా ఇందులో బిర్యానీ తిన్నారా?" అన్నడు. "బిర్యానీ కాదండి, బగారా" అన్నడు అండిబాబు. "ఎవరు తిన్నారు?" అన్నడు మేనేజర్. మా అమ్మనే ముందుకొచ్చి, పొద్దటినుంచి జరిగింది జరిగినట్టు, ఒక్క ముక్క దాసుకోకుంట చెప్పింది. ఇంటుంటే ఇంటుంటే మేనేజర్ నోరు తెరుసుకుంది. మళ్ల మూసుకోలే. నాయిన భుజం మీది తువ్వాల సదురుకొని, "మాకు గిసొంటి బండే రాసియ్యి సారూ. కొత్తది వచ్చేదాక ఆగుతం. గీ పిలగాన్ని ఏమనొద్దు, గీయన సేతులనుంచే తీస్కుంటం" అన్నడు.

నేను ఊకోవాలె గదా. ఊకోలే. నాయినను పక్కకు పిలిసి, "ఇంకో రెండు మూడు కంపెనీలయి గూడ సూద్దాం నాయినా, వీడియోలల్ల వేరే బండికి మంచి పేరుంది" అన్న. నాయిన నన్ను కిందికెళ్లి మీదికి సూసిండు. కోపం గూడ లేదు ఆ సూపుల, ఉత్త ఆశ్చర్యం. "ఇంకేం సూస్తవ్ రా?" అన్నడు.

బండి ఇంటికొచ్చినంక మొట్టమొదటిసారి బొంతపల్లికి పోయినం. అమ్మ పట్టుచీర కట్టుకొని, నడిమి సీటుల కిటికీ పక్కన కూసున్నది. దర్శనం చేసుకొని ఎనకకు వస్తుంటే, సప్పుడు లేదేందని అద్దంల సూసిన. అమ్మ, నాయిన, నాయనమ్మ, ముగ్గురూ నోర్లు తెరుసుకొని నిద్రపోతున్నరు. నాకు ఛాతీ ఉబ్బింది. ఎంత మెత్తగ నడుపుతున్ననో, గుంతలు గూడ తెలుస్తలేవు వీళ్లకు అనుకున్న. తెల్లారి క్యాంటీన్ల గూడ గదే చెప్పిన. ఇప్పుడు నేను అమీన్‌పూర్‌ల ఉంటున్న. పొద్దంత కొలువు చేసి, ఎవరన్నా నడిపే బండిల కూసుంటే చాలు, పావుగంటల నా తల ఒరిగిపోతది. అది డ్రైవర్ గొప్పతనం కాదని నాకు తెలుసు. పొద్దు పొడవకముందు లేసి పాలు పిండి, ఎండల కూరగాయలు తెంపి, ఏండ్లకు ఏండ్లు సంచుల మీద ప్రయాణం చేసిన మనుషులు వాళ్లు. మొదటిసారి ఒరిగేటందుకు ఆసరా దొరికింది, పండుకున్నరు. అద్దంల వాళ్లను సూసి మురుసుకుంట, గుంతలు తప్పించుకుంట, ఎవ్వలు లేవకుండ మెల్లగ నడిపిన ఆ ఇస్త్రీ అంగీ పిలగాడు, అప్పటి నేను, యాదికొస్తే నవ్వొస్తది. అయితే ఒకటి, నిజంగనే మెల్లగ నడిపిండు పాపం.