మోకాలిగారు ఏమన్నారంటే

డాక్టరుగారు మనుషులతో మాట్లాడేవారు కాదు, వాళ్ల మోకాళ్లతో మాట్లాడేవారు. అది పొగరనుకుంటే పొరపాటే. ఏ మోకాలినీ ఆయన ఏకవచనంలో పిలిచి ఎరగరు.

ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన పెద్ద నర్సుకు, రిటైరయి ఇంట్లో కూర్చున్నా, ఎవరైనా కాళ్లు చాపుకుంటే చాలు, ఆయనే గుర్తొస్తారు. రోగి వచ్చి దణ్ణం పెడితే, ఆయన వంగి మోకాలికి ప్రతినమస్కారం చేసేవారు.

"ఎన్నాళ్లుగా బాధపడుతున్నారు?"

"చాలా రోజులైందండీ," అనేవాడు రోగి.

"మిమ్మల్ని కాదు. మీరు కాసేపు ఆగండి."

ఆపరేషన్ గదిలో మర్యాద ఇంకా ఎక్కువ. మోకాలికి రెండు చిన్న గాట్లు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టం, రెండోదాంట్లోంచి పనిముట్లు పంపేవారు. గొట్టం దూర్చే ముందు, "లోపలికి రావచ్చాండీ?" అని అడిగి కాస్త ఆగేవారు. కొత్తగా చేరిన మత్తు డాక్టరు ఒకసారి కంగారులో "రండి, రండి" అనేశాడు. ఆ తర్వాత అతన్ని అందరూ మోకాలిగారి బావమరిది అనే పిలిచారు.

ఒకరోజు ఒక లెక్కల టీచరమ్మ చక్రాల కుర్చీలో వచ్చింది. తోసుకొచ్చింది భర్త. గడియారాలు బాగుచేస్తాడు. ఆమెకు స్కూటర్ నేర్పబోయి పడేశాడు. అప్పట్నుంచి ఆమె అతనితో మాటలు మానేసింది. మంచినీళ్లు కావాలన్నా కూతురితో కబురు పంపుతోంది.

"ఈయన వెనక పట్టుకున్నానన్నారు," అంది ఆమె, గోడకేసి చూస్తూ. "పట్టుకోలేదు."

"బానే నడుపుతోంది కదా అని వదిలేశానండీ," అన్నాడు అతను తల దించుకుని.

"వదిలేసి కూడా, పట్టుకున్నాననే అరిచారు."

డాక్టరుగారు వంగి, వాచిన మోకాలి దగ్గర చెవి పెట్టారు. "ఊఁ. అలాగా. అయ్యో." ఆయన లేచారు.

"ఆయన వదిలిన చోట ఏమీ కాలేదంటున్నారు వీరు. అక్కణ్నుంచి వీధి చివరిదాకా టీచరుగారు ఒక్కరే చక్కగా నడిపారట. మలుపులో కాలు కింద ఆన్చి ఒళ్లు తిప్పినప్పుడు, తొందరపడింది తామేనట."

టీచరమ్మ తెల్లబోయింది. "వీధి చివరిదాకానా? నేనొక్కదాన్నేనా?"

"వీరు అబద్ధమాడే మోకాలు కాదండీ."

ఆపరేషన్ రోజున నడుము కిందికే మత్తు ఇచ్చారు. తన మోకాలి లోపలి సంగతంతా ఆమె టీవీలో చూస్తూ పడుకుంది. ఎముకల మధ్య గుజ్జు ఒకచోట చిరిగి, చిన్న ముక్క నీళ్లలో గడ్డిపోచలా ఊగుతోంది.

"ఇంత ముక్క కోసమా, ఇల్లంతా మౌనవ్రతం పట్టించారు తమరు?" అని మోకాలిని మందలించారు డాక్టరుగారు.

టీచరమ్మకు నవ్వాగలేదు. ఆయన పని ఆపి, అది తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. నవ్వు తగ్గాక ఆమె మెల్లగా అంది, "సిస్టర్, మా ఆయన పొద్దున్నుంచి ఏమైనా తిన్నారేమో కనుక్కుంటారా?"

నర్సు బయటికి వెళ్లి అడిగితే, భర్త కళ్లు మెరిశాయి. "తనే అడిగిందా?" అని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మీ డాక్టరుగారు దేవుడండీ. మొదటిరోజు మమ్మల్ని లోపలికి పిలవకముందే, వరండాలో నా పక్కన కూర్చుని టీ తెప్పించారు. ఎలా పడింది, ఎంతదూరం నడిపింది అంతా అడిగారు. నేను చెబితే అది నమ్మదండీ అన్నాను. ఎవరు చెబితే నమ్ముతారో చూద్దాం అన్నారు."

ఇన్నేళ్లలో ఆ వరండా బల్ల మీద ఆయన ఎందరి పక్కన కూర్చున్నారో, నర్సు ఎప్పుడూ పట్టించుకోలేదు.

నర్సు లోపలికి వచ్చేసరికి డాక్టరుగారు కట్టు కడుతున్నారు. ఆమె ముఖం చూడగానే ఆయనకు అర్థమైపోయింది. దూది పక్కన పెట్టి, నర్సు మోకాలివైపు వంగి, చాలా మర్యాదగా అన్నారు:

"బయట విన్నది తమరి దగ్గరే ఉంచుకోవాలి. సిస్టర్‌గారికి తెలిస్తే ఆస్పత్రంతా చెప్పేస్తారు."