జవాను సిక్ లీవు

బోధన్ తాలూకా ఆఫీసులో నేను కొలువులో ఉండి సెలవులో బతికే గుమాస్తాను. మా ఆఫీసు జవాను, అంటే బంట్రోతు, అలా కాదు. నిజంగానే జవానై యుద్ధానికి పోయి, తిరిగొచ్చి పాత కొలువులో చేరాడు. ఎవరేం అడిగినా మడమలు చప్పుడయ్యేలా నిలబడి "ఠీక్ హై సాబ్" అనేవాడు.

ఆ ఏడు అతనికి దగ్గు పట్టుకుంది. డాక్టరు నిజామాబాద్ దవాఖానలో చేరమన్నాడు. జీతం లేకుండా చేరితే ఇల్లు గడవదు. అదృష్టం కొద్దీ, మిలిట్రీకి పోకముందు మిగిలిన సిక్ లీవు అతనికి తిరిగి ఇమ్మని పైనుంచి హుకుం వచ్చింది. ఇక తహసీల్దారు సంతకమే తరువాయి.

ఆయన కలం తీసి, మర్యాదకు అడిగాడు. "తబియత్ ఎట్లున్నదయ్యా?"

మడమలు చప్పుడయ్యాయి. "బిల్‌కుల్ ఠీక్ హై సాబ్!"

కలం ఆగిపోయింది. "ఠీకుంటే బీమారి చుట్టీ ఎందుకు?"

ఉన్న రోగాన్ని ఉందనిపించడం, కాగితం పట్టుకుని పక్కనున్న నాకు కొత్త. నా అనుభవమంతా లేని రోగాన్ని ఉందనడంలోనే.

వరండాలోంచి అతని భార్య లోపలికొచ్చింది. "ఆయన్నేం అడుగుతరు సారూ? పాణం పోతున్నా గదే చెప్తడు. రాత్రంత దగ్గుతుంటే ఈపు రాసేది నేను. నన్నడుగుండ్రి."

తహసీల్దారు నవ్వాపుకొని సంతకం చేశాడు. జవాను సెల్యూట్ కొట్టాడు. అంతలో దగ్గు తెర ముంచుకొచ్చింది. ఎత్తిన చెయ్యి దించకుండానే దగ్గుతూ నిలబడ్డాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని దించి, మళ్లీ వదలకుండా బయటికి నడిపించుకుపోయింది.