లలితమ్మ ఐదు మీటర్లు

గద్వాల పొలిమేర దాటకుండానే లలితమ్మ కాశీకి మూడుసార్లు నడిచి వచ్చింది. నమ్మని పంతుళ్లు పలక పట్టుకుని లెక్క వేసుకోవచ్చు. చీర పడుగును, అంటే నిలువు పోగులను, మగ్గానికి ఎక్కించేముందు వీధి పొడవునా సాగదీసి కడతారు; తెగిన పోగులు అతుకుతూ దాని పక్కన నడవాలి. ఆ నడక నలభై ఏళ్లు నడిచింది. ఈ మధ్య నత్తలు కూడా ఆమెను "జర జరుగమ్మా" అని దాటిపోతున్నాయని ఆమె భర్త ఆశన్న వీధంతా చెప్పుకుని నవ్వేవాడు.

2008 ఎండాకాలంలో ఆమె గుండె కవాటం చెడిందని తేలింది. ఆపరేషన్ చేయకపోతే ఏడాది కష్టమన్నారు. వనపర్తిలో శిబిరం పెట్టిన హైదరాబాదు డాక్టరు చీటీ రాస్తేనే పెద్ద దవాఖానలో చేర్చుకుంటారు. ఆశన్న ఆమెను బస్సెక్కించి తీసుకొచ్చాడు.

డాక్టరు చీటీ మీద కలం పెట్టి ఆగాడు. కోతకు తట్టుకునే సత్తువ ఒంట్లో ఉందో లేదో ముందు నడిపించి చూడాలన్నాడు. నేల మీద సుద్దతో రెండు గీతలు గీశారు, నడుమ ఐదు మీటర్లు. నర్సు రోహిణి చేతిలో గడియారం.

"మామూలుగా నడువమ్మా."

పదకొండు సెకన్లు పట్టింది.

"ఆరు దాటితేనే మాకు భయం. ఈ ఒంటికి కోత పెడితే బల్ల మీదే పోవచ్చు," అన్నాడు డాక్టరు కలం మూస్తూ.

ఆశన్న ఫక్కున నవ్వాడు. "అయ్యో సార్, మీకు తెల్వదు! పడుగు పక్కన జోరుగ నడిస్తే పోగు తెగుతది. గా అలవాటు. పెండ్లిల ఏడడుగులు నడిచేసరికి పొద్దుగూకింది, పంతులు రెండుసార్లు నిద్రపోయిండు. ఉరుకుమంటే లేడి లెక్క ఉరుకుతది. ఏమే, నడిచి సూపెట్టు!"

డాక్టరుకూ నవ్వొచ్చింది. "సరే, ఈసారి గబగబా."

లలితమ్మ చీర చెంగు బిగించింది. మూడో అడుగుకు చెయ్యి గోడను వెతికింది. పెదవులు నల్లబడ్డాయి. రోహిణి గడియారం చూసి తల దించుకుంది. పదమూడు.

"గోడ తగిలింది సార్, ఇంకొక్కసారి," అన్నాడు ఆశన్న. ఈసారి అతని గొంతులో నవ్వు లేదు. "పోగు తెగుతదని భయం సార్ దానికి, గంతే. గా అలవాటే..."

లలితమ్మ ఊపిరి అందేదాకా ఆగి డాక్టరు వైపు తిరిగింది.

"పోగు కోసం కాదు సార్. దమ్ము ఆడకనే గిట్ల నడుస్తున్న. రెండేండ్లయింది."