మగ్గం గుంతలో చుట్టిన జపాను బువ్వ

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం అనుకునేరు, ఏడెనిమిదేండ్ల కిందటి సంగతే. అయినా ఇప్పుడు తలుచుకుంటే అది నేనేనా అనిపిస్తుంది. ఇరవై రెండేండ్ల వయసులో మనిషికి తెలిసింది తక్కువ, అన్నీ తెలిసినట్ల కనపడల్లన్న ఆత్రం ఎక్కువ. నాకు ఆ ఆత్రం ఇంకో పిడికెడు ఎక్కువే ఉండేది. మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. నాయన మగ్గంలో కూర్చుంటే, నేను బడి నుంచి వచ్చి రాట్నం ముందర కూర్చొని ఆయన నేతకు కావల్సిన కండెలకు పట్టుపోగు చుట్టల్ల. చిన్నప్పటి నుంచి ఎన్ని వేల కండెలు చుట్టినానో నా భుజానికే తెలుసు. డిప్లొమా అయినాక బెంగళూరులో ఆర్నెల్లు జపాను భాష నేర్చుకొని, పెనుకొండ పక్కన కార్లకు చిన్న చిన్న మోటార్లు చేసే ఒక కంపెనీలో ట్రైనీగా చేరినాను. చేరిన రోజు కంపెనీ బస్సు ఎక్కేముందు, "ఇంక ఈ జన్మలో కండె చుట్టేది లేదు" అని వీధంతా వినేట్ల చెప్పి మరీ ఎక్కినాను.

కంపెనీలో నా పని ఏందంటే, జపాను నుంచి మిషన్లు బిగించేదానికి వచ్చిన ఒక పెద్ద ఇంజినీరు పక్కన నిలబడి, ఆయన మాట మనోళ్ళకు, మనోళ్ళ మాట ఆయనకు చేర్చడం. ఏం చెప్పినా రెండు సార్లు తల ఊపి "హై, హై" అనేవాడు గాబట్టి ఆయనకు హై సారు అని పేరు పడిపోయింది. (జపాను వాళ్ళకు అది మన "ఊ, ఊ" లాంటిది. మా కంపెనీలో సగం మందికి ఆయన అసలు పేరు ఇప్పటికీ తెలీదు.) ఆర్నెల్లు గడిచినాక నన్ను పర్మనెంటు చేయల్లనా, ఇంటికి పంపల్లనా అనేది ఆయన రాసిచ్చే కాగితం మీద ఉండాది. ఇంటికి పంపితే నేను పోయేది యాడికి, మళ్ళా ఆ రాట్నం ముందరికే కదా. ఆ వీధి ముందర తల ఎట్ల ఎత్తుకోవల్ల?

అందుకే ఆయన్ను మెప్పించేదానికి చూస్తాంటి. మొదటి వారమే క్యాంటీన్లో ఆయన డబ్బా తెరిచినాడు. లోపల నల్లటి ఆకు చుట్టిన అన్నం బిళ్ళలు, వరసగా. సుషీ అంట. ఎవరో బెంగళూరు నుంచి తెచ్చిచ్చినారంట. ఆయన ఒక బిళ్ళ నోట్లో పెట్టుకొని కండ్లు మూసుకున్నాడు. ఆ ముఖం చూసి నా నోరు ఊరుకుంటుందా? "మా ఇంట్లో కూడా చేస్తాము సార్, ప్రతి ఆదివారం" అనేసినాను, అదీ మంచి జపాను భాషలో. అనేదాకా నాకే తెలీదు అంటానని. ఆయన నమలడం ఆపి నన్ను ఒక చూపు చూసినాడు. తర్వాత "హై, హై" అన్నాడు. అంతటితో సరిపోయిందని నేను నా పెరుగన్నం తినేసి లేచినాను.

సరిపోలేదు. ఐదు నెలల తర్వాత, ఆయన తన దేశం పోయే వారం వచ్చింది. కాగితం రాసేది కూడా ఆ వారమే. ఆయన నన్ను పిలిచి, "మంగళవారం సెలవు గదా, మీ ఇంటికి భోజనానికి రావచ్చా? మీరు ఇంట్లో చేసుకునే సుషీ తిని పోవల్లని ఉంది" అన్నాడు.  రావద్దని ఎట్ల చెప్పేది? "తప్పకుండా సార్" అని చెప్పి, ఆ సాయంత్రం బస్సులో కూర్చొని ఫోన్లో సుషీ చేసే వీడియోలు ఒకటెనక ఒకటి ధర్మవరం వచ్చేదాకా చూసినాను.

సుషీకి చుట్టే ఆ నల్ల ఆకుల ప్యాకెట్టు బెంగళూరులో చదివినప్పటి నా రూమ్మేటు కొని పంపించింది. ఇంట్లో చూస్తే అమ్మ లేదు, నల్లమాడలో పిన్ని కాన్పుకని పోయింది. ఉండేది నాయన, అవ్వ. అవ్వ ఆ ప్యాకెట్టు విప్పి, ఒక ఆకు తీసి వెలుతురుకు పెట్టి చూసి, వాసన చూసి, "ఏమ్మే, దీన్ని తింటారా, రాస్తారా?" అని అడిగింది. సముద్రంలో పెరిగే ఆకు అవ్వా అన్నాను. "మనకు తాగేదానికే నీళ్ళు లేవు, సముద్రం ఆకు యాడ్నుంచి పట్టుకొచ్చినావే" అనింది. విషయం అంతా చెప్పినాను. అబద్ధం చెప్పిన సంగతి మాత్రం సగమే చెప్పినాను. (సగమే చెప్పడం కూడా ఒక అబద్ధమే అని అప్పుడు తోచలేదు.)

మంగళవారం పొద్దున్నే మొదలుపెట్టినాము. ముందర అన్నం. మా ఇంట్లో సోనా బియ్యం వండితే మెతుకు మెతుకు విడిపోవల్ల, అదే అవ్వకు గొప్ప. ఆ రోజూ అట్లే వండి పెట్టింది. ఆకు మీద పరిచి చుట్టినాను. చుట్ట రెండు పక్కల నుంచీ మెతుకులు నేల మీదికి రాలిపోయినాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. అవ్వ చూసి, "అతుక్కోవల్లంటే ముందే చెప్పుండొచ్చు గదా" అని, రేషను స్టోరు బియ్యం కడిగి, నీళ్ళు ఎక్కువ పోసి ఉడికించి, సంగటి గెలికే కట్టె తీసుకొని, కుండను రెండు కాళ్ళ మధ్యన పెట్టుకొని గెలికింది. నిమ్మకాయ పిండి, చిటికెడు చక్కెర, ఉప్పు వేసి మళ్ళా గెలికింది. వీడియోలో వాళ్ళు విసనకర్రతో విసురుతా, చెక్క గరిటెతో మెతుకు నలగకుండా సుతారంగా కలిపినారు. మా అవ్వ సుతారం ఎన్నడూ ఎరగదు. కానీ అన్నం మాత్రం చెయ్యి పెడితే చెయ్యి వదలనంటుంది.

ఇంక చుట్టడం. నేను చుట్టినవి ఒక పక్క లావు, ఒక పక్క సన్నం, మధ్యలో పగులు. ప్యాకెట్టులో పది ఆకులుంటే ఐదు నా చేతిలో నాశనమైపోయినాయి. గడియారం చూస్తే పదకొండు. హై సారు వచ్చేది పన్నెండున్నరకు. నేను వంటింట్లో నేల మీద కూర్చొని చేతులు ముఖానికి కప్పుకున్నాను (చేతులకుండే అన్నమంతా ముఖానికి అంటుకుంది, అది వేరే సంగతి). అప్పుడు మగ్గం చప్పుడు ఆగింది. నాయన వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసినాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"బిగువు లేదు పాపా" అన్నాడు.

"అన్నానికి బిగువేంది నాయనా?"

"చుట్టేది ఏదైనా బిగువు ఒక్కతీరుగా ఉండల్ల. ఇట్లియ్యి."

ఆయనా కూర్చొని ఒకటి చుట్టినాడు. అదీ విడిపోయింది. నాయన తన చేతులనే కొత్తగా చూసుకున్నాడు. "ఈడ కాదులే. కాళ్ళు గుంతలో ఉంటే గానీ నా చేతులకు బుద్ధి పుట్టదు" అని లేచినాడు. మాది గుంత మగ్గం. నేసే మనిషి గుంత అంచున కూర్చొని కాళ్ళు లోపల పెట్టుకుంటాడు. నాయన కాళ్ళు కడుక్కొని వచ్చి, నేతలో ఉండే చీర మీద తెల్లటి గుడ్డ కప్పి, దానిపైన పలక అడ్డంగా పెట్టి, దానిమీద అరిటాకు పరిచినాడు. లోపల పెట్టేదానికి కోడిగుడ్డు అట్టు ముక్కలు నేను తీసుకొస్తే, "నీసు మగ్గం దగ్గరికి రాకూడదు" అని వెనక్కి పంపినాడు. సరేనని కీరకాయ, క్యారెట్టు, అవ్వ కొట్టిన శెనిక్కాయల పొడి పెట్టినాము. తడి తువ్వాలు కింద పరిచి, దానిమీద ఆకు, ఆకు మీద అన్నం. నాయన రెండు బొటనవేళ్ళతో అంచు ఎత్తి, తక్కిన వేళ్ళతో వెనక్కి లాగి పట్టి, చీర చుట్టినట్లే ఊపిరి బిగబట్టి చుట్టుకుంటా పోయినాడు. నాలుగు ఆకులు, నాలుగు చుట్టలు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కటే లావు. నేను సంతోషం పట్టలేక ఆయన భుజం పట్టుకొని ఊపేసినాను.

హై సారు పన్నెండున్నరకు ఒక నిమిషం ముందర కారు దిగినాడు. చెప్పులు విడిచి, రెండూ వీధి పక్కకు తిప్పి జతగా పెట్టి, లోపలికొచ్చి అవ్వకు నడుము దాకా వంగి దండం పెట్టినాడు. అవ్వ, "ఏమప్పా, నడుం నొప్పా?" అని అడిగింది. నేను దాన్ని జపానులోకి మార్చలేదు. చాప మీద కూర్చోబెట్టి, నాలుగు చుట్టలూ తెచ్చి ముందర పెట్టి, బిళ్ళలు కోసేదానికి కత్తి అందుకున్నాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"ఏం చేస్తాండావే? ఈ పొద్దు మంగళారం."

"అయితే?"

"మగ్గం మీద నుంచి దిగిన చుట్టను మంగళారం కోస్తారా? ఈ ఇంట్లో ఎవరన్నా కోసినారా ఎప్పుడన్నా?"

మా ఇంట్లో మంగళవారం మగ్గం మీద చీర కోయరు. అది నాకూ తెలుసు. కానీ ఇది చీర కాదు, అన్నం. ఆ మాటే చెప్పినాను. "మగ్గానికి తెలుసా అది?" అనింది అవ్వ. నాయన వైపు చూసినాను, ఆయనైనా ఆదుకుంటాడేమోనని. ఆయన గడ్డం గీరుకుంటా, "నాకు తోచలేదు పాపా. తోచింటే గుంతలో చుట్టకపోదును" అన్నాడు. అంతే, కత్తి అవ్వ కొంగులోకి పోయింది. హై సారు మమ్మల్ని ముగ్గుర్నీ మార్చి మార్చి చూస్తాండాడు. ప్రతి ఆదివారం సుషీ చేసుకునే ఇంట్లో దాన్ని కోసేదా వద్దా అని పంచాయితీ జరుగుతాంటే ఏ మనిషికైనా అనుమానం రాదా? నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. జానెడు పొడుగు చుట్టను ఒకదాన్ని అట్లనే ఆయన ప్లేట్లో పెట్టినాను.

ఆయన దాన్ని చూస్తా కూర్చున్నాడు. తల ఎత్తేసరికి ఆయన కండ్లలో నీళ్ళు. "నీకు ఇది కూడా తెలుసా?" అన్నాడు. ఏందంటే, వాళ్ళ ఒసాకా పక్క, చలికాలం పోయే నాడు, ఏడాదికొక్కరోజు ఇట్లనే చుట్టను కోయకుండా తింటారంట. కోస్తే అదృష్టం తెగిపోతుందంట. ఆ యేటి మంచి దిక్కుకు తిరిగి, మొత్తం అయిపోయేదాకా ఒక్క మాటా మాట్లాడకుండా తినల్లంట. చిన్నప్పుడు వాళ్ళమ్మ చేతిలో తిన్నాడంట. "ఇంత లోతుగా నేర్చుకున్నావని నేను అనుకోలేదు" అన్నాడు.

చూసినారా నా అదృష్టం! తల ఊపి "హై, హై" అంటే చాలు. అబద్ధం నిజమైపోతుంది, కాగితం బంగారమైపోతుంది, ఉద్యోగం నాదే. నేను నోరు తెరిచినాను కూడా. కానీ ఎదురుగా నాయన కూర్చొని ఉండాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, సారు ముఖం చూసి సంతోషంగా నవ్వుతాండాడు, గోళ్ళ సందుల్లో అన్నం ఇంకా ఎండిపోకుండానే ఉండాది. ఆ చుట్ట ఆయనది, ఆ కోయకపోవడం అవ్వది. నాది అనేదానికి ఆ ప్లేట్లో ఒక్క మెతుకు కూడా లేదు. నాకు తల కొట్టేసినట్లయింది. "లేదు సార్. నాకేమీ తెలీదు. మా ఇంట్లో సుషీ చేసేది ఇదే మొదలు. ఆ రోజు క్యాంటీన్లో చెప్పింది అబద్ధం. ఇది మా నాయన చుట్టినాడు, కోయొద్దన్నది మా అవ్వ" అని గబగబా చెప్పేసినాను.

హై సారు రెండు చేతులతో చుట్టను ఎత్తుకొని, తూర్పుకు తిరిగి కూర్చొని, కొరకడం మొదలుపెట్టినాడు. ఇప్పుడు నా గతి చూడండి. ఆయన కోపంగా ఉండాడో, లేదో, చుట్ట అయిపోయేదాకా మాట్లాడకూడదు. ఆ చుట్ట చూస్తే జానెడు పొడుగు, దానికి తగ్గ లావు. కొరుకుతాడు, నిదానంగా నములుతాడు, మళ్ళా కొరుకుతాడు. "మాట్లాడడేమే, ఉప్పెక్కువైందేమో అడుగు" అని అవ్వ. నేను అడగను. అది పావుగంటో ఇంకా ఎక్కువో నేను చెప్పలేను, నాకైతే ఆర్నెల్ల ట్రైనింగు మొత్తం ఆ ఒక్క చుట్టలోనే జరిగింది. కడాన ఆయన చేతులు తుడుచుకొని ఇట్లా తిరిగినాడు.

"పెండ్లయినాక మా ఇంట్లో కూడా ఎప్పుడూ చేయలేదు. మా ఆవిడ అంగట్లో కొనుక్కొస్తుంది. నువ్వు ప్రతి ఆదివారం అన్నప్పుడు నాకు చాలా సిగ్గేసింది" అన్నాడు.

తర్వాత నాయన పక్కన పోయి కూర్చొని, ఆయన చేతులు తిప్పి తిప్పి చూసి, మగ్గం చూపించమన్నాడు. మోటార్లకు చుట్టే తీగ బిగువు సరిచూసే మిషన్లు బిగించే మనిషి గదా, గుంతలో కాళ్ళు పెట్టుకొని సాయంత్రం దాకా లేవలేదు. నాయన రాయలసీమ తెలుగులో చెప్తాడు, ఆయన ఒసాకా జపానులో అడుగుతాడు, మధ్యలో నేను ఎందుకో ఇద్దరికీ తెలీదు. నేను పోయి మిగిలిన అట్టు ముక్కలు తిన్నాను.

శుక్రవారం ఆయన విమానం ఎక్కిపోయినాడు. శనివారం కాగితం నా చేతికొచ్చింది. పర్మనెంటు చేయొచ్చు అని ఉండాది. కింద అభిప్రాయం రాసే చోట ఒకే ఒక్క వరస: "అబద్ధాన్ని చివరిదాకా లాగే శక్తి ఈమెకు లేదు. కాబట్టి ఉంచుకోండి." పొగిడినాడో తిట్టినాడో తెలీక నాలుగుసార్లు చదువుకున్నాను. ఇంటికొచ్చి, ఉద్యోగం నిలబడిందని చెప్పి, ఆ వరస తెలుగులో చదివి వినిపించినాను. నాయన మగ్గం ఆపకుండానే విన్నాడు.

"ఇదా? ఇది నన్నడిగింటే మొదటి రోజే రాసిచ్చి ఉందును కదా" అన్నాడు.

అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చదువు చదివి, ఇంత భాష నేర్చి, ఆర్నెల్లు కాళ్ళు అరిగేట్ల నిలబడితే, చివరికి నా గురించి ఇద్దరు పెద్దమనుషులు, రెండు దేశాల వాళ్ళు, తేల్చింది ఇదా అని అన్నం తినకుండా పడుకున్నాను. ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ ఇరవై రెండేండ్ల పిల్ల ఎదురైతే, లేచి అన్నం తినవే, నీ గురించి ఇంతకంటే మంచి మాట ఇంకెవరూ రాయరు అని చెప్పల్లని ఉండాది.