బావకు బరువు తీగలు

వయొలిన్‌కి పెద్దన్నలాంటి డబుల్ బాస్ మనిషి కన్నా ఎత్తుంటుంది. తలుపులో పడుతుందా అని చూసిన ప్రతిసారీ అనుమానమొస్తుంది. దానికి తీగలు వేసే దుకాణమేమో ఒంటి గది. అందువల్ల బాస్ లోపలికొస్తే, దాన్ని మోసుకొచ్చిన మనిషి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చోవాల్సిందే. ఆ గురువారం గుమ్మంలో కూర్చున్నది దుకాణందారుకి స్వయానా అక్క మొగుడు. ఇరవై ఆరేళ్ళుగా పెద్ద ఆర్కెస్ట్రాలో డబుల్ బాస్ వాయిస్తున్న మనిషి.

దుకాణందారుని వీధిలో అందరూ తీగలాయన అంటారు. ఆయనకు రెండే నియమాలు. ఒకటి, పాత తీగ ఒకటి విప్పి, అక్కడ కొత్తది బిగించాకే రెండోదాని జోలికి పోవాలి. నాలుగూ ఒక్కసారే విప్పేస్తే తీగల కింద వాటి ఒత్తిడి మీదే నిలబడ్డ చెక్క బ్రిడ్జి కూలుతుంది, బాస్ పొట్టలో ఆసరాగా నిలబెట్టిన కర్ర కూడా పడిపోతుంది. రెండు, తీగ గురించి వాయించేవాడికి అబద్ధం చెప్పకూడదు. మొదటి నియమం ఇప్పటికీ తప్పలేదు.

రెండోదానికి గండం బావ రూపంలో వచ్చింది. రెండేళ్ళుగా బావ బాస్‌లో కింది స్వరాలు మూగబోతున్నాయి. తప్పు తీగలదని బావ తీర్పు చెప్పేశాడు. మరింత బరువైన తీగలు వేయించాడు. వాటిని నొక్కలేక మోత ఇంకా తగ్గింది. మళ్ళీ బరువైనవి వేయించాడు. అసలు సంగతి, ఆయన వేళ్ళ కణుపులు వాచిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే, కాకపోతే ఇక్కడ రోకలి కూడా ఆయన చేతిలోనే ఉంది. నొప్పి అని ఒక్క మాట పైకి అంటే ఒట్టు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

చివరికి ఆర్కెస్ట్రా నాయకుడు మర్యాదగానే చెప్పాడు. ఆదివారం రిహార్సల్లో మీ బాస్‌కున్న నెమ్మది భాగం ఒక్కరే వాయించి వినిపించండి, వెనక వరసదాకా వినబడకపోతే ఇక విశ్రాంతి తీసుకోండి అని. ఆ కుర్చీ పోతే బావ ఏమైపోతాడో ఆలోచించడానికే ఇంట్లో ఎవరికీ ధైర్యం చాల్లేదు.

బుధవారం మధ్యాహ్నం అక్క దుకాణానికొచ్చింది. ఆవిడ బట్టలు కుడుతుంది.

"మీ బావ చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నార్రా. నన్ను పిలిచి, 'ఏదీ, నీ కాజాలు సరిగ్గా ఉన్నాయో లేదో పెట్టి చూడు' అంటారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా కాజాలెప్పుడు చూశారు ఈయన?"

"తేలిక తీగలు వేస్తే హాయిగా వాయిస్తాడక్కా. ఒప్పుకోడు కదా. అవి చిన్నపిల్లలకి అంటాడు."

"ఒప్పుకోమని ఎవరడిగారు? వేసెయ్."

"తీగ కొసన చుట్టిన దారం రంగు చూసి పట్టేస్తాడు. బరువైనవాటికి ఎర్ర దారం, తేలికవాటికి పచ్చది. అయినా, తీగ విషయంలో నేను అబద్ధమాడనక్కా."

"తీగ విషయంలో ఆడొద్దులే. మీ బావ విషయంలో ఆడు."

అని సంచిలోంచి ఎర్ర దారం ఉండ తీసింది. అక్క ఒక పట్టు పట్టాక కాదనడం తీగలాయనకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. తేలిక తీగల కొసలకున్న పచ్చదారం విప్పి, ఆవిడ అదే మందాన ఎర్రది చుట్టింది. అసలుదాని కన్నా చక్కగా కుదిరింది.

ఇప్పుడు గుమ్మంలో బావ కళ్ళద్దాలు పెట్టుకుని కొస పట్టుకు చూస్తున్నాడు.

"ఒరేయ్, రంగు కాస్త ముదురుగా ఉందేంట్రా?"

"కొత్త సరుకు బావా."

"బరువైనవేగా?"

"నువ్వడిగినవే," అన్నాడు తీగలాయన తల ఎత్తకుండా. తీగ సులువుగా జారేలా, అది ఆనే గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దాడు. తీగని బిరడకు మెలికపడకుండా చుట్టాడు. బిరడ తిప్పినప్పుడల్లా బ్రిడ్జి వాలుతోందేమోనని వంగి చూశాడు. బావ మొహం కన్నా బ్రిడ్జిని చూడడమే తేలికగా ఉంది. నాలుగూ అయ్యాక బావ ఒక్కసారి మీటి, "ఆహా, బరువంటే ఇదీ!" అన్నాడు. తీగలాయనకు నవ్వూ వచ్చింది, తన మీద తనకు అసహ్యమూ వేసింది.

ఆదివారం అక్కాతమ్ముళ్ళిద్దరూ వెనక వరసలో కూర్చున్నారు. బావ కమాను ఎత్తాడు. మొదటి స్వరం నేల మీదుగా పాకి వచ్చి కుర్చీల కాళ్ళలోంచి వాళ్ళకు తగిలింది. అక్క తమ్ముడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. భాగం అయ్యేవరకూ వదల్లేదు. నాయకుడు తలూపి, "సోమవారం మామూలు వేళకే రండి," అన్నాడు.

పక్కన రెండో బాస్ వాయించేవాడు, రెండేళ్ళుగా ఆ కుర్చీ మీద కన్నేసినవాడు, వంగి ఎర్ర దారం చూశాడు. "ఎంత బరువండీ ఇవి?"

బావ కమాను కింద పెట్టాడు. తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు. "అన్నిట్లోకీ తేలికవి. నా వేళ్ళు నొప్పులండీ. రెండేళ్ళయింది. చెప్పడానికి సిగ్గేసి తీగల్ని తిట్టాను."

ఎవరూ నవ్వలేదు. రెండో ఆయన తన వాచిన వేళ్ళు కనబడకుండా మెల్లగా చేతిని జేబులో పెట్టుకున్నాడు.

విరామంలో తీగలాయన బావ దగ్గరికి పోయి తల వంచుకు నిలబడ్డాడు. "దారం చూసి పట్టేశావా బావా?"

"దారం భేషుగ్గా ఉందిరా. మీ అక్క పని, వంక పెట్టేదేముంది?" అన్నాడు బావ. "గురువారం ఇంటికెళ్ళి గంటసేపు వాయించాను. ఎక్కడా నొప్పెట్టలేదు. నేను ఎంచుకున్న తీగలైతే అలా ఉండవు కదా."