సాంబయ్య గారి నకలు

ఉప్పల్‌లో మా ఆఫీసుకు కొత్తగా వచ్చినప్పుడు సాంబయ్య గారి పని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఫ్యాక్టరీల తనిఖీ కాగితాలు ఎవరైనా సమాచార హక్కు కింద అడిగితే, ఇచ్చే పని మా ఇద్దరిదీ. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు నల్ల స్కెచ్ పెన్నుతో కొట్టేసి, ఆయన ఆ కాగితాన్ని కిటికీ దగ్గర ఎండకు పట్టి చూసేవారు. అక్షరం లీలగా కనబడినా మళ్ళీ జిరాక్సు. నత్తనడక మనిషి!

పోయిన వేసవిలో నాచారంలోని ఒక కాలనీవాళ్ళు దరఖాస్తు పెట్టారు. గోడ అవతలి ఫ్యాక్టరీలో గ్యాస్ ట్యాంకు కారుతోందని, అక్కడ పనిచేసే ఒకామె అంతకుముందే మాకు రాసిచ్చింది. మావాళ్ళు వెళ్ళి చూస్తే నిజమే. ఆ కాగితాలన్నీ కావాలని కాలనీవాళ్ళు అడిగారు. మా ఆఫీసరు విశ్వనాథం గారు, "భద్రత అని రాసి మొత్తం ఆపేయండి, గొడవుండదు" అన్నారు.

"ట్యాంకు పక్కన పండుకునేటోళ్ళకు తెల్వకుంటే ఎట్ల సార్?" అన్నారు సాంబయ్య గారు. "ముప్పు సంగతి ఇద్దాం. చెప్పినామె పేరొక్కటి ఆపుదాం."

ఆఫీసరు సణుక్కుంటూనే సంతకం పెట్టారు. పేరు కొట్టేశాం, ఎండకు పట్టి చూశాం. నేను కవరులో పెట్టబోతుంటే సాంబయ్య గారు లాక్కున్నారు.

"ఆగు అరుణమ్మా, రాత జూడు. సూపర్‌వైజర్ రోజూ రిజిస్టర్ల జూసే రాతనే గద ఇది!"

నాలుగేళ్ళ కిందట ఆయనే ఇలా చేతిరాత సంగతి మరిచిపోయి ఒక కాగితం ఇచ్చారట. వారం తిరక్కుండా నరేందర్ అనే కార్మికుడి ఉద్యోగం పోయిందట. "గాయన మొఖం ఇంకా యాదికొస్తది" అన్నారు. నేను టైపు చేస్తానంటే, ఆఫీసు కంప్యూటర్ అందరిదీ కదా, అందులో ఏదీ మిగలకూడదని ఒప్పుకోలేదు. అన్నం మానేసి మూడు పేజీలూ తన చేత్తో రాశారు. పైన "పేరు తీసిన నకలు" అని పెట్టి, కింద తన సంతకం చేశారు.

నకలు కాలనీకి చేరిన పది రోజులకు, ఆ సంగతి తెలిసి ఫ్యాక్టరీ మనిషి వచ్చి అసలు కాగితం చూపించమన్నాడు. కుదరదంటే బల్ల గుద్ది, "నీ ఇల్లెక్కడో దొరకబట్టలేననుకుంటున్నవా?" అన్నాడు.

"దొరకబట్టుడెందుకు? రామంతాపూర్, చెరువు కాడ. సాంబయ్య ఇల్లంటే ఎవలన్నా జెప్తరు. నా పేరు దాసేటిది కాదు బిడ్డా, రాసుకో."

అతను వెళ్ళాక ఆయన ఇంటికి ఫోన్ చేసి, తలుపు గొళ్ళెం పెట్టుకొమ్మని మెల్లగా చెప్పారు. ఆ క్షణం నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో!

ట్యాంకు మార్చారు. ఆమె ఉద్యోగం పదిలంగా ఉంది. అప్పుడప్పుడు మాకు ఎదురుపడుతుంది, ఎక్కడో చెప్పను. ఆయన ఏం చేశారో ఆమెకు తెలియదు. కాగితం ఇచ్చిన రోజు చూసిన ముఖాలని ఆమె నవ్వబోతే సాంబయ్య గారు తల తిప్పుకుంటారు, ఎవరైనా చూస్తారని.