కుడి పక్క ముందు సీటు

పెద్దమ్మ పోయిందని మొన్న ఆదోని బస్టాండులో తెలిసింది. ఎమ్మిగనూరు బస్సు దిగిన పాత పరిచయస్తుడు నన్ను చూసి ఆగి, "అమెరికా కారు పెద్దమ్మ పోయిందమ్మా. నిద్దర్లోనే పోయింది" అన్నాడు. ఆ కారు అమ్మేసి ఏళ్ళయింది. ఊరు మాత్రం ఆమెకు ఆ పేరు తీసేయలేదు.

ఆమె నాకు సొంత పెద్దమ్మ కాదు. ఎమ్మిగనూరులో టీచరుగా చేరిన కొత్తల్లో వాళ్ళ పక్కింట్లో అద్దెకు దిగాను. మొదటిరోజే గిన్నె నిండా బొరుగుల ఉగ్గాని పంపించి పెద్దమ్మ అయిపోయింది.

ఆమె భర్తది ఆదోనిలో పత్తి వ్యాపారం. డెబ్బైల మొదట్లో, దేశం విడిచి వెళ్ళిపోతున్న ఒక అమెరికా ఆయన దగ్గర మద్రాసులో ఆ కారు కొని తోలుకొచ్చాడు. పండుమిరప రంగు, పొడుగాటి ముక్కు. స్టార్ట్ చేస్తే వీధిలో జిన్నింగు మిల్లు పెట్టారేమో అనిపించేది. అంత కారుకూ తలుపులు రెండే. వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి, నడుం వంచి లోపలికి దూరాలి. పైగా స్టీరింగు ఎడమ పక్క. ఇంటినిండా ఆడవాళ్ళను పెట్టుకుని, గురువారం గురువారం మంత్రాలయం పోయే మనిషి కొనాల్సిన కారేనా అది? అదే అడిగితే పెద్దనాయన నవ్వేవాడు. "దాన్ని సూసినాక అయ్యన్నీ యాడ గుర్తుంటాయమ్మా?"

కుడి పక్క ముందు సీటు ఆయన తల్లిది. వెనక కూర్చుంటే అవ్వకు వాంతులు. కానీ ఆ సీట్లో కూర్చున్నవాళ్ళకు ఒక పని ఉంది. స్టీరింగు ఎడమ పక్క కాబట్టి, ఎద్దులబండిని దాటేటప్పుడు ఎదురుగా ఏమొస్తోందో తోలేవాడికి కనపడదు. కుడి పక్కవాళ్ళు చూసి పొమ్మనో ఆగమనో చెప్పాలి. అవ్వకు కళ్ళలో పొర. రోడ్డు మీద పిట్ట లేకపోయినా "ఆగు నాయనా" అనేది. అంత కారూ జొన్నసొప్ప బండి వెనకాల పాక్కుంటూ మంత్రాలయం చేరేది. ఎదురొచ్చేవాళ్ళు అవ్వే కారు తోలుతోందనుకుని నోరెళ్ళబెట్టేవాళ్ళు.

ఒకసారి నేనూ వెళ్ళాను. ఎద్దులబండి అడ్డమొస్తే అవ్వ ఆగమంది. వెనక సీట్లో నా పక్కనున్న పెద్దమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. తర్వాత చెయ్యి ముందుకు చాచి, పెద్దనాయన చెవి దగ్గర గాజులు గలగలమనిపించింది. అంతే, కారు బండిని దాటేసింది.

"ఆగమంటి గదరా!"

"బ్రేకు పడలేదమ్మా" అన్నాడు పెద్దనాయన. అద్దంలో మొగుడూ పెళ్ళాల నవ్వు నాకు కనపడింది.

"ముందర కూసుంటే నోరారా సెప్తును గదా దావ. ఒక్కపారి ఆయప్ప పక్కన కూసోవల్లని ఉండాది" అనేది పెద్దమ్మ నాతో. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడం లేదే అని నేను ఏడిపిస్తే, "ముసలామెను ఏమనాకు. సీటు యాడికి పోతాది?" అని నన్నే కసిరేది.

అవ్వ కాలం చేసింది. తల్లి పోయిన ఏడాది గుడికి పోకూడదు. సంవత్సరీకం దాటిన మొదటి గురువారం మంత్రాలయం పోదామనీ, ముందు సీటు ఇక నీదేననీ పెద్దనాయన మాట ఇచ్చాడు. ఆ రోజుకని పెద్దమ్మ ఒక చీర కూడా పక్కన పెట్టుకుంది. ఏడాది తిరక్కముందే, ఆదోని మార్కెట్‌లో పత్తి తూకాల దగ్గర ఆయన కూలబడి మళ్ళీ లేవలేదు.

కారు ఇంటి వెనక పాత మగ్గాల కొట్టంలో ఉండిపోయింది. పెద్దమ్మ మన ఎమ్మిగనూరు దుప్పట్లు కలిపి కుట్టించి దానికి ముసుగేసింది. ఆదోని నుంచి మెకానిక్ భాయ్ వచ్చి అప్పుడప్పుడూ ఇంజన్ తిప్పిపోయేవాడు. రేకు మీద గీత లేదు, సీటుకు చిరుగు లేదు. "తిరగకుంటే ఇనుము ఏడుస్తాది" అని చివరికి ఆమే దాన్ని అమ్మకానికి పెట్టింది. బేరగాళ్ళు బాగానే వచ్చారు. అందరిదీ ఒకటే మాట, స్టీరింగు కుడి పక్కకు మార్పిస్తామని. మారిస్తే ఆ సీటు ఇంకెక్కడ ఉంటుంది? పెద్దమ్మ వాళ్ళకు టీ ఇచ్చి సాగనంపేది.

"ఇట్లయితే ఎప్పటికి అమ్ముతావు పెద్దమ్మా?" అన్నాను.

"ఎదురుసూపుకు పెట్రోలు అక్కర్లేదు గదమ్మా" అంది.

ఎనభైల నడుమ బళ్ళారి నుంచి ఒకాయన వచ్చాడు. కారు చుట్టూ తిరిగి తిరిగి, "ఏమీ మార్చనమ్మా, ఇట్లుంటేనే అందం" అన్నాడు. పెద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అట్లయితే ఒకపారి నన్ను మంత్రాలయం తీస్కపో నాయనా. ముందర కూసుంటా. ఆనక కారు నీది."

గురువారం పొద్దున ఆయన కుడి తలుపు తీసి పట్టుకున్నాడు. పెద్దమ్మ కొంగుతో ఆ సీటు తుడిచింది. ఎడమ పక్కన స్టీరింగు వైపు కాసేపు చూసింది. తర్వాత సీటు మడిచి, నడుం వంచి, వెనక్కి దూరింది.

"నువ్వు కూసోమ్మా ముందర" అంది నాతో.

"అదేంది పెద్దమ్మా! ఇన్నేళ్ళు కాసుకున్నావు గదా?"

"కాసుకునింది సీటు కోసమా?"

నేను మడిచిన సీటు సరిచేసి ఎక్కి కూర్చున్నాను.

ఊరు దాటాక సొప్ప బండి అడ్డమొచ్చింది. "దావ ఖాళీనా అమ్మా?" అని అడిగాడాయన నన్ను. రోడ్డు కనుచూపు మేర ఖాళీ. చెబుదామని తిరిగేసరికి వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆయన చెవి దగ్గర ఆగింది. మణికట్టు ఒకసారి ఊగింది. గాజులు లేని చెయ్యి, చప్పుడు కాలేదు. ఆయనకు తెలియలేదు. నేను ఆ చేతినే చూస్తున్నాను. ఖాళీ రోడ్డు మీద బండి వెనకాలే కారు మెల్లగా పోతోంది. ఆ చెయ్యి ఇంకోసారి ఊగింది.